భూమిని పంచియిచ్చిన రావి నారాయణరెడ్డి గారు



గడి ముందర చెప్పులు విప్పి చేతబట్టుకొని, తలగుడ్డ చంకనుంచుకొని నడచిన దినములను గూర్చి మన కొత్తకోట ప్రాంతపు వృద్ధులు తమ తండ్రుల నోట విన్నవారే. అట్టి దినములలో భూస్వామి ఇంటనే పుట్టి, ఆ కట్టడిని కూల్చుటకు పాటుపడిన యొక పెద్దమనిషి జీవితమును ఈ నెల మీకు చెప్పగోరుచున్నాను.

రావి నారాయణరెడ్డి గారు 1908వ సంవత్సరమున నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకా బొల్లేపల్లి గ్రామములో కలిగిన కుటుంబమందు జన్మించిరి. హైదరాబాదులో చదువుకొనుచుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహపు పిలుపు వచ్చెను. ఆయన చదువు విడిచి కాకినాడకు పోయి దానిలో పాలుగొనిరి. ఆ పిమ్మట ఇంటికి వచ్చి పొలములు చూచుకొనుచు సుఖముగా కూర్చుండి యుండవచ్చును. ఎవరు తప్పు పట్టుదురు?

ఆ కాలమున నిజాము రాజ్యములో వెట్టి యెట్లుండెనో మన పిల్లలకు తెలియదు. మాదిగవాడు దొరకు చెప్పులు, మోటకు తోలు ఊరకే ఇయ్యవలెను. మాలవాడు మూటలు మోసి, కబురులు చేరవేయవలెను. చాకలి, కుమ్మరి, మంగలి ఎవరికిని విడుపు లేదు. భగేలా యను పద్ధతి యొకటి యుండెను; తండ్రి తీసికొన్న అప్పుకు కుమారుడు జీతముండును, ఆ కుమారుని కుమారుడును ఉండును. వెట్టి కూడదని సర్కారు ఫర్మానా యిచ్చినను గడిలో అది చెల్లలేదు.

నారాయణరెడ్డి గారు మొదట పట్టినది హరిజన సేవక సంఘపు పని. అప్పట హరిజనులని పిలువబడిన మాల మాదిగ పిల్లలకు బడులు, వసతి గృహములు నడుపుటలో ఆయన శ్రమపడిరి. పెద్ద కులపు బిడ్డ మాలపల్లెకును మాదిగవాడకును పోయి పిల్లలను చదువుకు పిలుచుట ఆ దినములలో చిన్న సంగతి కాదు.

1938లో స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహపు మొదటి జట్టులో చేరి ఖైదు అనుభవించిరి. మరుసటి సంవత్సరము కమ్యూనిస్టు పక్షములో చేరిరి. ఆ పక్షము దేవుని ఒప్పుకొనదని మీరెరుగుదురు. దానిని గూర్చి నేనిచ్చట వాదింపను. అయితే ఆయన చేసిన మేలును దాచుట న్యాయము కాదు.

మన పాలమూరు జిల్లావారైన సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన 1930లో జోగిపేటలో మొదటి సభ జరుపుకొన్న ఆంధ్ర మహాసభ, చాల కాలము చదువుకొన్నవారి సభగానే యుండెను. నారాయణరెడ్డి గారు 1941లో చిలుకూరు సభకును, 1944లో భువనగిరి సభకును అధ్యక్షులైరి. భువనగిరిలో సభ్యత్వపు రుసుము రూపాయి నుండి ఒక అణాకు తగ్గింపబడెను. రూపాయి యనగా ఆనాటి కూలివానికి ఎన్ని దినముల కష్టమో! అణా అయితే జీతగాడును తేగలడు. ఆ యొక్క అణాతో సభ తలుపు కూలివానికి తెరువబడెను. నాటి నుండి జనులు దానిని సంఘమని పిలిచి, వెట్టి చేయమని దొర ముఖముననే చెప్పసాగిరి.

దాని వెనుక రక్తము చిందెను. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకి గుండుకు దొడ్డి కొమరయ్య చనిపోయెను. 1947 సెప్టెంబరు 11న నారాయణరెడ్డి గారు, బద్దం ఎల్లారెడ్డి గారు, మఖ్దూం మొహియుద్దీన్ గారు కలిసి నిజాము మీద ఆయుధములు పట్టుడని పిలుపునిచ్చిరి. కత్తి యెత్తు మార్గము నాకు సమ్మతము కాదు. ఎన్ని యిండ్లలో దీపములారిపోయెనో. అయినను 1948 సెప్టెంబరులో నిజాము లొంగిన తరువాత ఇక పోరు ఆపవలెనని వాదించినవారిలో ఆయన యుండిరి. అందుకు స్వపక్షమువారి చేతనే నిందలు పడిరి. పోరాటము 1951 అక్టోబరులో గాని నిలువలేదు.

ఇంతకు మించి నా మనస్సును తాకునది మరియొకటి. ఆయన తన సొంత భూమిలో ఐదువందల యెకరములు పేదలకు పంచియిచ్చిరి. ఆ భువనగిరి తాలూకాలోనే పోచంపల్లియందు 1951 ఏప్రిల్ 18న వినోబా గారి యెదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరు యెకరములు ఇచ్చుటకు లేచిరి. దానిని లోకమంతయు ఎరుగును. అడిగినవారు కోరినది ఎనుబది యెకరములే. పరుల భూమి పంచవలెనని చెప్పువారు అనేకులు. సొంత పొలమునకు గట్లు వేసి పంచువారు ఎందరు? జక్కయ్య తన ఆస్తిలో సగము ఇత్తుననినది తన యింటనే గదా.

1957లో ఆయన భువనగిరి నుండి శాసనసభకును, 1962లో నల్లగొండ నుండి మరల పార్లమెంటుకును ఎన్నికైరి. 1991 సెప్టెంబరు 7న కాలముచేసిరి. మరుసటి యేడు ప్రభుత్వము పద్మవిభూషణ్ బిరుదు నిచ్చెను.

అయితే నేను తరచుగా తలంచుకొనునది 1952 నాటి మొదటి ఎన్నికనే. అప్పుడు ఆయనకు 3,09,162 ఓట్లు వచ్చెను. నెహ్రూ గారికి వచ్చినవాటికంటె ఇవి యెక్కువ. నల్లగొండ అప్పట ఇద్దరు సభ్యుల నియోజకవర్గము, ఒక్కొక్కరికి రెండేసి ఓట్లు. రెండవ స్థానము షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినది. దాని నుండి సుంకం అచ్చాలు గారు గెలిచిరి. ఒకే జిల్లా జనులు ఒకే ఎన్నికలో భూస్వామి కుమారుని, ఆయనతోకూడ అచ్చాలు గారిని ఢిల్లీకి పంపిరి. ఇద్దరును ఒకే సభలో కూర్చుండిరి.