జామియాకు దారి వేసిన సర్ అక్బర్ హైదరీ

కామారెడ్డిలో రైలెక్కి కాచిగూడకు పోయేవారికి సికింద్రాబాదు దాటినాక రెండు చిన్న స్టేషన్లు వస్తాయి. ఒకదాని పేరు ఆర్ట్స్ కాలేజీ, మరొకదాని పేరు జామియా ఉస్మానియా. పెద్ద బండ్లు అక్కడ ఆగవు. బోర్డు చదివే లోపలే స్టేషను వెనుకకు పోతుంది. ఆ బోర్డు మీది జామియా అనే మాటకు విశ్వవిద్యాలయమని అర్థం. ఉస్మానియా అంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చినది. నిజాం పేరు అందరికీ తెలుసు. అయితే ఆ నిజాం ముందు కాగితం పెట్టి, ఈ చదువు మన భాషలో ఎందుకు ఉండకూడదని వాదించిన మనిషి సంగతి మనలో చాలామందికి తెలియదు. మా సంఘం సంచికలో ఈసారి ఆయన జీవితాన్ని నాలుగు మాటల్లో చెప్పాలనుకున్నాము.

సర్ మహమ్మద్ అక్బర్ నజర్ అలీ హైదరీ గారు 1869 నవంబరు 8న జన్మించారు. వారిది బొంబాయి వర్తక కుటుంబం, సులైమానీ బోహ్రాలు. ఇంటిపేరు హైదరీ కావడం వల్ల ఆయన హైదరాబాదీయే అనుకునేవారున్నారు కాని, ఆ పేరుకూ మన ఊరికీ సంబంధం లేదు. బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదివి, 1888లో బ్రిటిష్ ప్రభుత్వపు ఆర్థిక శాఖలో ఉద్యోగంలో చేరారు. లెక్కల మనిషి. ఎక్కడ ఎంత వచ్చింది, ఎక్కడ ఎంత పోయింది అని చూడడమే ఆయన పని. 1905లో హైదరాబాదు సంస్థానం అకౌంటెంట్ జనరల్‌గా వచ్చారు.

ఆయన భార్య అమీనా బేగం గారు బద్రుద్దీన్ త్యాబ్జీ వంశపు ఆడపడుచు. 1908లో మూసీ నదికి వరద వచ్చి నగరం అల్లాడినప్పుడు ఆమె బాధితుల కోసం చేసిన సేవకు ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. పరదా కాలంలో ఒక ముస్లిం స్త్రీ ఇంటి గడప దాటి వరద బాధితుల మధ్య నిలబడిందంటే మామూలు సంగతి కాదు. ఆమె గురించి వేరే వ్యాసమే రాయవచ్చు.

ఇక అసలు సంగతి. హైదరాబాదు రాజ్యానికి అప్పుడు సొంత విశ్వవిద్యాలయం లేదు. నిజాం కాలేజీ ఉండేది కాని అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. ఇక్కడి పిల్లవాడు మద్రాసు వారి పరీక్ష ఇంగ్లీషులో రాయాలి. పట్నంలో నవాబుల ఇండ్లలో పుట్టినవారికి అది సాగింది. మిగతావారికి ఆ గడప ఎత్తయింది. సొంత విశ్వవిద్యాలయం కావాలనే కోరిక పాతదే, పందొమ్మిదో శతాబ్దంలోనే పెద్దలు దాన్ని కదిపారు. అది కాగితం మీదనే ఉండిపోయింది.

హోం శాఖ కార్యదర్శిగా విద్య వ్యవహారం చూస్తున్న హైదరీ గారు 1917లో నిజాంకు ఒక వినతిపత్రం సమర్పించారు. అందులోని వాదం సూటిగా ఉంటుంది. పరాయి భాషలో చదివే విద్యార్థి బలమంతా మాటలు బట్టీ పట్టడానికే సరిపోతుంది, విషయం మనసుకెక్కదు. చదివిన కొద్దిమందికీ చదవని జనానికీ మధ్య గోడ లేస్తుంది. తండ్రి నేర్చింది ఇంట్లో తల్లికీ చెల్లెలికీ చేరదు. కనుక చదువు ఉర్దూలో చెప్పాలి, ఇంగ్లీషును మాత్రం ఒక భాషగా అందరూ తప్పకుండా నేర్వాలి. ఇదీ దాని సారం. అదే ఏడు ఏప్రిల్ 26న ఫర్మాన్ వెలువడింది. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీలో అద్దె ఇండ్లలో ఇంటర్మీడియట్ తరగతులు మొదలైనాయి. విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది.

తరగతి తెరవడం తేలికే. పుస్తకం ఏది? రసాయన శాస్త్రం, న్యాయశాస్త్రం, వైద్యం ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలు కావాలి, ఆ పుస్తకాలకు మాటలు కావాలి. అందుకని తరగతుల కంటే ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టారు. దానికి మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు పెద్ద. తరువాతి కాలంలో జోష్ మలీహాబాదీ వంటి కవి కూడా అక్కడ జీతానికి పనిచేశారు. పారిభాషిక పదాల కోసం పండితులు కూర్చుని ఒక్కొక్క మాట మీద వాదించుకునేవారు. మూడు వందలకు పైగా పుస్తకాలు అచ్చయినాయి. ఆ పదాల్లో చాలా భాగం అరబ్బీ, ఫారసీ మూలాల నుంచి తీసినవి కావడంతో, మన ఇండ్లలో దక్కనీ మాట్లాడే పిల్లవాడికి కూడా అవి కొరుకుడు పడేవి కావని ఒక విమర్శ ఉంది. అది కొట్టిపారేయదగింది కాదు. అయినా ఆ పుస్తకాలతో చదువుకుని 1925లో పట్టా పుచ్చుకున్న రజీయుద్దీన్ సిద్దీఖీ గారు కేంబ్రిడ్జికి, అక్కడి నుంచి జర్మనీకి పోయి హైజెన్‌బర్గ్ దగ్గర గణితం, భౌతికశాస్త్రం చదివారు. ఉర్దూలో చదివితే ప్రపంచంలో పనికిరాడన్న మాటకు అది జవాబు.

హైదరీ గారు 1921 నుంచి ఆర్థిక సభ్యులుగా ఉన్నారు. మంజీరా మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది ఆ కాలంలోనే. కట్టింది నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారు. ఖజానా తాళం హైదరీ గారి చేతిలో ఉండింది. మన పక్క ఎల్లారెడ్డి, బాన్సువాడ దిక్కు కాలువ చూసినప్పుడు ఇద్దరినీ తలచుకోవచ్చు. అజంతా చిత్రాలను కాపాడే పనికీ ఆయన అండగా నిలిచారు. 1928లో సర్ బిరుదు వచ్చింది. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాలకు హైదరాబాదు తరఫున నాయకత్వం వహించారు. ఇంకొక చిత్రమైన సంగతి. పాండిచ్చేరిలో శ్రీ అరవిందుల ఆశ్రమంలో గోల్కొండ అనే అతిథి గృహం ఉంది. దానికి నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయలు ఇప్పించింది హైదరీ గారే, అందుకే ఆ పేరు.

విశ్వవిద్యాలయానికి సొంత ఇల్లు కావద్దా? అడిక్‌మెట్ దగ్గర స్థలం ఎంచినవారు పాట్రిక్ గెడెస్ అనే స్కాట్లండు పండితుడు. నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి వచ్చారు. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనా గీశారు. ఆర్ట్స్ కాలేజీకి 1934 జులై 5న శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం. గులాబీ రంగు రాయి, లోపల గుడి స్తంభాల పోలిక, బయట మసీదు కమాను పోలిక. హాస్టళ్లలో ఒక్క సంస్థానంలోని మూడు భాషల ప్రాంతాల పిల్లలు కలిసి ఉండేవారు. షేర్వానీ తొడుక్కుని తరగతికి పోవడం రివాజు. ముస్లిం విద్యార్థులకు దీనియాత్, ఇతరులకు నీతిశాస్త్రం పాఠం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మేము మా మనసుకే అబద్ధం చెప్పినట్లవుతుంది. తన భాషలో చదివితేనే చదువు ఒంటపడుతుందన్నారు హైదరీ గారు. సత్యమే. కాని ఈ రాజ్యంలో ఎవరి భాష ఉర్దూ? నూటికి సగానికి దగ్గరగా తెలుగువారు, ఆ తర్వాత మరాఠీవారు, కన్నడంవారు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవారు నూటికి పది పన్నెండు మంది. మన దోమకొండ రైతు బిడ్డకు ఇంగ్లీషు ఎంత దూరమో ఉర్దూ కూడా ఇంచుమించు అంతే దూరం. జామియాలో తెలుగు ఒక పాఠ్యాంశంగా ఉండింది, రాయప్రోలు సుబ్బారావు గారి వంటి కవి చెప్పారు. కాని లెక్కలు, చరిత్ర, వైద్యం తెలుగులో లేవు. తమ భాషలో బడి కావాలని ఆంధ్ర మహాసభవారు అడిగారు. 1930లో జోగిపేటలో, 1937లో మన నిజామాబాదులో వారి సభలు జరిగినాయి. ఆ 1937లోనే హైదరీ గారు ప్రధానమంత్రి అయినారు. తన వినతిపత్రంలోని వాదాన్ని తెలుగు పిల్లవాడి తరఫున మళ్లీ చదవడానికి ఆయన కంటే తగినవారు లేరు, చేతిలో అధికారమూ ఉంది. ఆ పని జరగలేదు.

మరుసటి ఏడు 1938 చివరలో హాస్టళ్లలో వందేమాతరం పాడరాదన్నారు. విద్యార్థులు సమ్మె కట్టారు. వందలమంది చదువు పోగొట్టుకున్నారు. నాగపూరు విశ్వవిద్యాలయం వారిని చేర్చుకుంది. పి.వి. నరసింహారావు గారు అట్లా పోయినవారిలో ఒకరు. విశ్వవిద్యాలయాన్ని పుట్టించిన మనిషి ప్రధానిగా ఉన్నప్పుడే, దాని బిడ్డలు మూటాముల్లె సర్దుకుని పరాయి రాష్ట్రానికి బండెక్కారు. ఆయన గొప్పతనాన్ని చెప్పేవారు దీన్ని దాటవేస్తారు, ఆయనను తిట్టేవారు 1917ను దాటవేస్తారు. మాకు రెండూ ఒక్క మనిషివే.

1941లో ఆయన పదవి వదిలి ఢిల్లీలో వైస్రాయి కార్యవర్గంలో చేరారు. కొద్ది నెలలకే, 1942 జనవరిలో కాలం చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక అస్సాం గవర్నరుగా ఉన్న అక్బర్ హైదరీ ఆయన కుమారుడు. పేర్లు ఒకటే కనుక పుస్తకాల్లో ఇద్దరినీ కలిపేస్తుంటారు.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. దారుల్ తర్జుమా చేసిన పనినే తెలుగుకు చేయడానికి 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. ఉర్దూకు మళ్లీ ఒక విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ పేరున, 1998లో వచ్చింది. మన జిల్లా కాలేజీల పట్టాల మీద చాలాకాలం ఉస్మానియా ముద్రే ఉండేది. 2006లో డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మునుపు ఉస్మానియా వారి పీజీ సెంటరుగా ఉన్న భిక్నూరు ఇప్పుడు దాని దక్షిణ ప్రాంగణం. దోమకొండ నుంచి పొద్దున బయలుదేరిన పిల్ల సాయంత్రానికి ఇంటికి వచ్చేంత దగ్గర. ఆ పిల్ల తల్లి ఇంట్లో మాట్లాడేది దక్కనీ, వీధిలో మాట్లాడేది తెలుగు, పరీక్ష రాసేది ఇంగ్లీషు. తండ్రి ఫీజు కడతాడు, తల్లి సద్ది కడుతుంది, సాయంత్రం ఈ రోజు ఏం చెప్పారమ్మా అని ఇద్దరూ అడుగుతారు.