సబర్ నేర్పిన బౌలర్ – మర్హూమ్ గులాం అహ్మద్ సాబ్

క్రికెట్ అంటే మన పిల్లలకు సిక్సర్లు, ఫోర్లు. కాని ఈ హైదరాబాదు నుంచే ఒక మనిషి తన వేళ్ళ బలంతో, అంతకన్నా ఎక్కువ సబర్ బలంతో, భారత జట్టు కెప్టెన్ దాకా ఎదిగారని వాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఆయనే మర్హూమ్ జనాబ్ గులాం అహ్మద్ సాబ్. ఆయన గురించి నాలుగు మాటలు మన సభ్యులకూ, వాళ్ళ ఇంట్లో వాళ్ళకూ చెప్పాలని మేము అనుకున్నాం.

గులాం అహ్మద్ సాబ్ 1922 జూలై 4న హైదరాబాదులో పుట్టారు. పదిహేడేళ్ళకే, 1939-40లో, రంజీ ట్రోఫీలో హైదరాబాదు తరఫున దిగారు. మంచి పొడగరి. చెయ్యి బాగా పైకెత్తి ఆఫ్ స్పిన్ వేసేవారు.

అంత చిన్నప్పుడే మొదలుపెట్టిన మనిషికి టెస్టు మ్యాచి దక్కడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. 1936 తర్వాత మళ్ళీ 1946 దాకా భారత జట్టు ఒక్క టెస్టూ ఆడలేదు. మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1946లో ఇంగ్లండు వెళ్ళిన జట్టులో ఆయన పేరు లేదు. 1947-48లో ఆస్ట్రేలియా వెళ్ళిన జట్టులోనూ లేదు. ఆటగాడికి అది పంట చేతికొచ్చే వయసు. ఆ వయసంతా ఎదురుచూపులోనే పోయింది. అయినా ఆయన బంతి పక్కన పెట్టలేదు.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ రోజులు మన పెద్దలకు ఎలా గడిచాయో మేము మళ్ళీ చెప్పనక్కరలేదు. ఉండాలా, పోవాలా అనే మాట ఎన్నో ఇళ్ళలో నడిచింది. సరిగ్గా మూడున్నర నెలలకు, 1948 డిసెంబరు 31న, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్ మీద గులాం అహ్మద్ సాబ్ భారత జట్టులో దిగారు. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. వీక్స్ రెండు ఇన్నింగ్సుల్లోనూ సెంచరీ కొట్టిన మ్యాచి అది. అందులోనే మన సాబ్ మొదటి ఇన్నింగ్సులో 94 పరుగులకు 4 వికెట్లు తీశారు.

ఆయన ఓర్పు ఎలాంటిదో ఒక్క లెక్క చాలు. 1950-51లో హోల్కర్ జట్టు మీద ఒకే ఇన్నింగ్సులో 92 ఓవర్ల 3 బంతులు వేశారు. అంటే 555 బంతులు! దక్కినవి 4 వికెట్లు. 1952లో ఇంగ్లండులో లీడ్స్ టెస్టులో 63 ఓవర్లు వేసి 100 పరుగులకు 5 వికెట్లు తీశారు.

అదే ఏడు అక్టోబరులో ఢిల్లీలో పాకిస్తాన్‌తో మొట్టమొదటి టెస్టు. బౌలరైన గులాం అహ్మద్ సాబ్ ఆఖరి బ్యాట్స్‌మన్‌గా వచ్చి 50 పరుగులు కొట్టారు. హేమూ అధికారితో కలిసి చివరి వికెట్‌కు 109 చేర్చారు. 2004 దాకా ఆ రికార్డును మన దేశంలో ఎవరూ దాటలేదు. ఆ మ్యాచి భారత్ గెలిచింది. ఇక్కడి ముసల్మాను ఎటువైపు అని అడిగేవాళ్ళకు ఆ స్కోరుబోర్డే జవాబు.

1955 నవంబరులో హైదరాబాదులో జరిగిన మొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. సొంత ఊళ్ళో, సొంత జనం ముందు! 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 49 పరుగులకు 7 వికెట్లు తీశారు. ఆ మ్యాచిలో మొత్తం పది.

ఓటమినీ దాచనక్కరలేదు. 1958-59లో ఆయన కెప్టెన్సీలో వెస్టిండీస్ చేతిలో కలకత్తాలో ఘోరంగా ఓడిపోయాం. ఆ తర్వాత ఆయన తనంతట తానే ఆట మానుకున్నారు. విచిత్రమేమంటే ఆ మ్యాచి కూడా డిసెంబరు 31నే మొదలైంది, అదే ఈడెన్ గార్డెన్స్‌లో. సరిగ్గా పదేళ్ళు, 22 టెస్టులు, 68 వికెట్లు.

తర్వాత 1975 నుంచి 1980 దాకా క్రికెట్ బోర్డు సెక్రటరీగా ఉన్నారు. ఆయన మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ 1961లో పాకిస్తాన్ వెళ్ళిపోయి, 1979-80లో ఆ దేశం కెప్టెన్‌గా ఇక్కడికి వచ్చారు. మామ ఇక్కడి బోర్డులో, అల్లుడు అక్కడి జట్టులో! 1983లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టును ఎంపిక చేసిన కమిటీకి చైర్మన్ కూడా మన సాబే. 1998 అక్టోబరు 28న హైదరాబాదులోనే కన్నుమూశారు.

మా బడిలో పిల్లలు ఒకసారి తప్పితే చాలు, ఇక చదువు వద్దంటారు. తల్లిదండ్రులూ సరే అని పనిలో పెట్టేస్తారు. వాళ్ళకు మేము చెప్పేది ఈ తొమ్మిదేళ్ళ సంగతే. అవకాశం ఆలస్యంగా రావచ్చు. అది వచ్చేనాటికి మన చేతిలో పని ఉండాలి.

అల్లాహ్ మర్హూమ్‌కు జన్నత్ ప్రసాదించుగాక. ఆమీన్.