ఇసుక ముగ్గుల లెక్క: సోఫీ జెర్మేన్

పీయూసీలో సైన్స్ చదివి తెలుగుకు వచ్చినవాళ్లం మా క్లాసులో కొందరం ఉన్నాం. స్థితిస్థాపకత పాఠం మాకింకా గుర్తే. స్ప్రింగుకు బరువు కడితే సాగుతుంది, రెట్టింపు బరువుకు రెట్టింపు సాగుతుంది, బరువు తీసేస్తే మళ్లీ మామూలే. అది హుక్ సూత్రం. ఆ పాఠంలో హుక్ ఉన్నాడు, యంగ్ ఉన్నాడు, పాయిసాన్ ఉన్నాడు. సోఫీ జెర్మేన్ లేదు. అందుకే ఈసారి గోడపత్రికకు ఆమె గురించి రాస్తానని నేనే అడిగి తీసుకున్నాను.

సోఫీ 1776 ఏప్రిల్ 1న పారిస్‌లో పుట్టింది. తండ్రి పట్టు వ్యాపారి, కలిగిన కుటుంబం. 1789లో ఫ్రెంచి విప్లవం మొదలైనప్పుడు ఆమెకు పదమూడేళ్లు. బయట గొడవలు, ఇంట్లోనే కూర్చోవాలి. తండ్రి పుస్తకాల గదిలో గణిత చరిత్ర ఒకటి చేతికొచ్చింది. అందులో ఆర్కిమెడీస్ చావు కథ ఉంది. లెక్కలో మునిగిపోయి, ఎదురుగా నిలబడ్డ రోమన్ సైనికుడికి జవాబివ్వక ప్రాణం పోగొట్టుకున్నాడని. మనిషిని అంతగా మరిపించేది అందులో ఏముందో తెలుసుకోవాలనుకుంది. ఇంట్లోవాళ్లకు ఇది నచ్చలేదు. రాత్రిళ్లు చదవకుండా గదిలో నిప్పు, కొవ్వొత్తులు, వెచ్చని బట్టలు తీసేసేవారట. దాచుకున్న కొవ్వొత్తులు వెలిగించి, దుప్పట్లు చుట్టుకుని చదివేదట. చలికి సిరా గడ్డకట్టిన రాత్రులు కూడా ఉన్నాయంటారు. చివరికి అమ్మానాన్నలే దిగివచ్చారు. ఆమె పెళ్లి చేసుకోలేదు, తండ్రి డబ్బుతోనే చదువు సాగింది.

1794లో పారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ తెరిచారు. ఆడవాళ్లకు ప్రవేశం లేదు. సోఫీ అక్కడి పాఠాల నోట్సు సంపాదించి, లె బ్లాంక్ అనే మగ విద్యార్థి పేరుతో లాగ్రాంజ్‌కు తన రాతలు పంపింది. ఈ కుర్రాడెవరో అని ఆరా తీసిన లాగ్రాంజ్‌కు నిజం తెలిసింది. ఆయన కోప్పడలేదు, ఇంటికొచ్చి మెచ్చుకున్నాడు. జర్మనీలో ఉన్న గాస్‌కు కూడా ఆ పేరుతోనే ఉత్తరాలు రాసేది. నెపోలియన్ సైన్యం గాస్ ఉన్న ఊరిని పట్టుకున్నప్పుడు, ఆయనకూ ఆర్కిమెడీస్ గతి పడుతుందేమోనని భయపడి, తెలిసిన సేనాపతికి కబురు పంపింది. నిన్ను కాపాడమన్నది ఫలానా సోఫీ అని చెబితే, ఆమె ఎవరో నాకు తెలియదని గాస్ అన్నాడట! 1807లో ఆమే అసలు పేరు బయటపెట్టాల్సి వచ్చింది.

ఇక అసలు సంగతి. 1808లో క్లాడ్నీ అనే జర్మన్ పారిస్ వచ్చాడు. పలుచని పలక మీద సన్నని ఇసుక చల్లి, అంచును వయొలిన్ కమానుతో రాసేవాడు. పలక మోగేది, ఇసుక ఎగిరి గీతలు గీతలుగా సర్దుకునేది, అచ్చం ముగ్గులాగా. పలక అదరని చోట్ల ఇసుక నిలుస్తుంది. కమాను తాకే చోటు మారిస్తే ముగ్గు మారిపోతుంది. నెపోలియన్ చూసి ముచ్చటపడ్డాడు. దీని వెనకున్న గణితం చెప్పినవారికి బహుమతి ఇస్తామని ఫ్రెంచి విజ్ఞాన సంస్థ ప్రకటించింది.

తీగ సంగతి తేలిక, ఒక్క దిక్కే. పలక అలా కాదు. ఒక పోస్టుకార్డును అటూ ఇటూ వంచి చూడండి. ప్రతి చోటా అడ్డంగా ఒక వంపు, నిలువుగా ఒక వంపు ఉండొచ్చు. పలకను వెనక్కి లాగే బలం ఆ రెండు వంపుల మొత్తాన్ని బట్టి ఉంటుందని సోఫీ ఊహించింది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఈ ఊహే. హుక్ స్ప్రింగులో చెప్పినదాన్ని ఆమె ఒక తలం మీద పరిచింది.

1811లో వచ్చిన పత్రం ఆమెది ఒక్కటే. అందులో లెక్క తప్పింది. బహుమతి ఇవ్వలేదు. కానీ ఆమె ఊహనే తీసుకుని లాగ్రాంజ్ సరైన సమీకరణం రాబట్టాడు. 1813లో మళ్లీ పంపింది, ప్రశంస మాత్రం దక్కింది. మూడోసారి, 1816 జనవరిలో, బహుమతి వచ్చింది. ఆ సంస్థ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆమే. సభకు మాత్రం వెళ్లలేదు.

ఆమె లెక్కల్లో లోపాలు చివరిదాకా ఉన్నాయి. దాన్ని దాచి పొగడటం నాకిష్టం లేదు. అయితే ఆ గణితం నేర్పే బడిలోకి ఆమెను రానివ్వలేదు కదా. మిగతావాళ్లు తరగతిలో కూర్చుని, పక్కవాణ్ణి అడిగి దిద్దుకున్న తప్పులను ఈమె పోటీలో, అందరి ముందూ చేయాల్సి వచ్చింది. సభ్యుల భార్యలు తప్ప ఆడవాళ్లు ఆ సంస్థ సమావేశాలకు వెళ్లే వీలు కూడా అప్పట్లో లేదు. బహుమతి గెలిచిన మనిషికీ లేదు! ఫూరియే కార్యదర్శి అయ్యాకే ఆమెకు అక్కడ కుర్చీ దొరికింది.

1829లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. నొప్పితోనే పనిచేసింది, ఉపరితలాల వంపు మీద ఆమె వ్యాసం 1831లో అచ్చయింది. అదే ఏడు జూన్ 27న కన్నుమూసింది. మరణ ధ్రువపత్రంలో వృత్తి దగ్గర గణితవేత్త అని రాయలేదు, ఆస్తి ఆదాయం మీద బతికే ఆవిడ అని రాశారు. 1889లో ఐఫిల్ టవర్ కట్టినప్పుడు దాని మీద 72 మంది పేర్లు చెక్కారు. లాగ్రాంజ్, ఫూరియే, పాయిసాన్ ఉన్నారు, ఒక్క స్త్రీ పేరూ లేదు. ఆమె పేరు పారిస్‌లో ఒక వీధికి ఉంది, ఆడపిల్లల కోసం పెట్టిన ఒక బడికి ఉంది.