వేలూరు ఐడా స్కడర్ అమ్మగారు - నర్సుల చదువు

మా గౌనిపల్లి వైపు పెద్ద జబ్బు చేస్తే ముందు కోలారు మెథడిస్టు ఆసుపత్రి, అక్కడ కాదంటే బంగారుపేటలో రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు. ఆ వేలూరు ఆసుపత్రికి పునాది వేసిన డాక్టర్ ఐడా స్కడర్ అమ్మగారిని గూర్చి వ్రాస్తున్నాము.

ఆమె 1870 డిసెంబరు 9న రాణిపేటలో మిషనరీ వైద్యుని ఇంట పుట్టింది. ఈ దేశంలో పనిచేయడం ఆమెకు ఇష్టమే లేదు. తల్లికి జబ్బుగా ఉందని తిండివనం వచ్చినప్పుడు ఒకే రాత్రి ముగ్గురు భర్తలు తలుపు తట్టారు. ముగ్గురి ఇళ్లలోనూ కాన్పు కష్టమైంది. తండ్రి వైద్యుడే గాని మగవాడు, ఆచారం ఒప్పుకోలేదు. ఆమెకేమో వైద్యం రాదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు.

ఆమె అమెరికాలో చదివి 1899లో డాక్టరై, 1900లో వేలూరులో ఒక్క పడకతో మొదలుపెట్టింది. 1902లో 40 పడకల షెల్ ఆసుపత్రి లేచింది. తొలిరోజుల్లో ఆమెకు చేదోడుగా నిలిచిన సలోమి బడిలో నేర్చిన నర్సు కాదు. రక్తం, మలం ముట్టే పని అని ఆడపిల్లలను పంపని రోజులవి. 1909లో డీలియా హౌటన్ అనే నర్సు తోడుగా నర్సింగ్ బడి తెరిచారు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఇదే ముఖ్యంగా తోచింది: జాలి మనసుంటే చాలునని ఊరుకోక, దానికి చదువు జోడించారు. 1918లో స్త్రీల వైద్య పాఠశాల, 1946లో బి.ఎస్సి. నర్సింగ్ వచ్చాయి. ఇటువంటి స్త్రీ విద్యాలయాల కొరకు అమెరికాలో చందాలు కూర్చినది మన బాప్టిస్టు సోదరి లూసీ పీబాడీ.

ఆ సంస్థ నినాదం మత్తయి 20:28 నుండి తీసుకున్నదే. అయితే మన సంఘపు ఆడబిడ్డ ఒకతె నర్సుగా ఉన్నచోట (పేరెందుకు) వరుసగా రెండు షిఫ్టులు చేయించి, అదనపు జీతం అడిగితే ఆ వాక్యమే వినిపించారట. మాకు అది మింగుడుపడలేదు. నిద్రలేని నర్సు మందు కొలత తప్పితే నష్టపోయేది రోగి. లూకా 10:7 కూడా అదే బైబిలులో ఉన్నది గదా! ప్రార్థనతో డ్యూటీ మొదలుపెట్టించే పెద్దలు డ్యూటీ పట్టీ కూడా న్యాయంగా వేయాలి.

ఐడా అమ్మగారు వారం వారం గుడియాత్తం దారిలో బండి ఆపి, చెట్ల కింద రోగులను చూచేది. పుండ్లు కడిగి కట్టు కట్టే పని చిన్నదని ఆ దారిలో ఎవరూ అనుకోలేదు. 1960 మే నెలలో, 89 ఏళ్ల వయసున, కొడైకెనాల్‌లో ఆమె ప్రభువునందు నిద్రించింది.