జగిత్యాల ఫొటోగ్రాఫర్ అలిశెట్టి ప్రభాకర్: ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో కవిత్వం

గల్ఫ్‌కు వచ్చే ముందు మనందరం ఒకసారి ఛాతీ ఎక్స్‌రే మిషను ముందు నిలబడ్డవాళ్లమే. ఊపిరి బిగబట్టమంటారు, బిగబడతాం. ఆ తర్వాత ఫిట్ అని కాగితం చేతికొచ్చేదాకా నిజంగానే ఊపిరాడదు. ఏజెంటుకు కట్టిన అప్పు, ఇంట్లోవాళ్ల ఆశ అన్నీ ఆ ఒక్క ఎక్స్‌రే మీదే ఆధారపడి ఉంటాయి. టీబీ మచ్చ కనబడిందంటే వీసా ఆగిపోతుంది.

ఇవాళ మీకు చెప్పబోయే మనిషి గల్ఫ్‌కు రాలేదు. కానీ మీలో చాలామందికి ఆయన సొంత ఊరివాడే, లేదంటే పక్క ఊరివాడు. జగిత్యాలలో పుట్టి, సిరిసిల్లలో పని నేర్చుకుని, కరీంనగర్‌లో దుకాణం పెట్టి, చివరికి హైదరాబాద్ పోయి బతికిన ఫొటోగ్రాఫర్, చిత్రకారుడు, కవి అలిశెట్టి ప్రభాకర్. 1993 జనవరి 12న టీబీతో చనిపోయాడు. ఆయన పుట్టింది కూడా జనవరి 12నే, 1954లో. అంటే పుట్టినరోజు నాడే, సరిగ్గా 39 ఏళ్లు నిండిన రోజున పోయాడన్నమాట.

మీ రూమ్‌లో కూడా ఒకరుంటారు చూడండి. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, బంక్ బెడ్ మీద కూర్చుని పాట కట్టేవాడో, బొమ్మ గీసేవాడో, ఫోన్‌లో వీడియోలు ఎడిటింగ్ నేర్చుకునేవాడో. ఆ ఒక్కరు మీరే కావచ్చు. ఇంటినుంచి ఫోన్ వస్తే, ఇవన్నీ మనకెందుకు, కాస్త ఓవర్‌టైమ్ చేసుకోరాదా అని మాట పడేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లందరికీ ప్రభాకర్ జీవితం తెలియాలి. ఆయన నుంచి నేర్చుకోవాల్సింది ఉంది, ఆయన చేసిన పొరపాటు చేయకుండా జాగ్రత్త పడాల్సిందీ ఉంది.

గురువు లేని బొమ్మలు

ప్రభాకర్ చిన్నతనంలోనే తండ్రి చనిపోయాడు. పెద్ద కుటుంబం. ఇంటికి పెద్ద దిక్కు పోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మనలో ఎంతోమంది అలాగే చదువు మధ్యలో వదిలేసి పాస్‌పోర్టుకు అప్లై చేసినవాళ్లం.

ఆ పిల్లాడికి బొమ్మలంటే పిచ్చి. ఏ ఆర్ట్ కాలేజీకీ పోలేదు. చూసి గీయడం, నచ్చకపోతే మళ్లీ గీయడం, అంతే ఆయన చదువు. మొదట్లో వేసినవి పండగ బొమ్మలు, ప్రకృతి దృశ్యాలు, సినిమా తారల బొమ్మలు. అవి పత్రికల్లో అచ్చయ్యాయి. జగిత్యాల లాంటి చిన్న ఊరి నుంచి పోస్టులో పంపిన బొమ్మ పత్రికలో కనబడటమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

తర్వాత ఊళ్లో సాహిత్యం మాట్లాడుకునే మిత్రులు దొరికారు. వాళ్లతో తిరుగుతూ కవిత్వం వైపు మళ్లాడు. 1974లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో ఆయన మొదటి కవిత వచ్చింది. దాని పేరు పరిష్కారం. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు.

కడుపు నింపే విద్య

ఇక్కడ ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. బొమ్మలు, కవితలు కడుపు నింపవని ఆయనకు తొందరగానే అర్థమైంది. అలాగని వాటిని వదిలేయలేదు. వాటికి దగ్గరగా ఉండే పని ఒకటి వెతుక్కున్నాడు. సిరిసిల్లలో ఒక ఫొటో స్టూడియోలో చేరి ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు.

ఇప్పటి పిల్లలకు స్టూడియో అంటే కంప్యూటరూ ప్రింటరూ. 1970ల్లో అట్లా కాదు. ఫిల్ము రోల్‌లో లెక్క ప్రకారమే బొమ్మలు వస్తాయి, ఒక్కటి పోయినా నష్టమే. తీసిన ఫిల్మును చీకటి గదిలో రసాయనాల్లో కడగాలి. ప్రింట్ వేసే కాగితానికి వెలుతురు ఒక్క సెకను ఎక్కువైనా నల్లబడుతుంది, తక్కువైతే వెలిసిపోయినట్టుంటుంది. ఎర్ర బల్బు వెలుతురులో నీళ్లలో ఊగుతున్న తెల్ల కాగితం మీద మొహం మెల్లగా తేలి రావడం చూడాలి. నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో మచ్చలు దిద్దే పని కూడా ఉండేది. గీత పడే చెయ్యి ఉన్నవాడికి అది బాగా పనికొచ్చే విద్య.

1976లో జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ పెట్టాడు. 1979లో కరీంనగర్‌లో స్టూడియో శిల్పి. 1983లో హైదరాబాద్‌లో స్టూడియో చిత్రలేఖ. ఏడేళ్లలో మూడు ఊళ్లు, మూడు దుకాణాలు. దుకాణం మార్చడమంటే ఏమిటో చేసినవాడికి తెలుస్తుంది. అద్దె, అడ్వాన్సు, కొత్త గిరాకీ, మళ్లీ మొదటి నుంచి మొదలు. మనం ఒక కంపెనీ వదిలి ఇంకో కంపెనీకి మారినప్పుడు పడే తిప్పలు అవే.

చిన్న కవిత ఎందుకు పెద్దదైంది

ఆ రోజుల్లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతం మామూలుగా లేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. కూలీలు, పేద రైతులు వేల సంఖ్యలో కదిలారు. దొరల పెత్తనం మీద, వెట్టి మీద ఊళ్లు లేచి నిలబడ్డ కాలం అది. ఆ గాలి పీల్చిన ప్రభాకర్ కవిత్వం కూడా ఆ వైపే నడిచింది. అదే ఏడాది మొదటి పుస్తకం ఎర్ర పావురాలు వచ్చింది. మరుసటి ఏడు మంటల జెండాలు, 1981లో చురకలు, 1985లో రక్త రేఖ, 1990లో సంక్షోభ గీతం, 1992లో సిటీలైఫ్. దుకాణం నడుపుకుంటూ, ఇల్లు చూసుకుంటూ రాసిన పుస్తకాలివి.

ఇన్ని రాయడానికి టైమ్ ఎక్కడిది అనుకుంటున్నారా? ఆయన కవితలు ఎక్కువగా చిన్నవి. కొన్ని నాలుగైదు లైన్లలోనే అయిపోతాయి. గిరాకీ వచ్చి పోయే మధ్యలో తలలో తిప్పుకుని, రాత్రి కాగితం మీద పెట్టుకోగలిగినంత. చిన్నది కదా అని తేలిక అనుకోవద్దు. ఒక్క మాట ఎక్కువైనా చెడిపోతుంది. రెండు పేజీల ఉత్తరం రాయడం కంటే నాలుగు మాటల టెలిగ్రాం రాయడం కష్టమని పాతవాళ్లకు తెలుసు. కుటుంబాలు, కూలీలు, ఆడవాళ్ల బాధలు, నగరంలో బతుకు, ఎన్నికల మోసాలు, ఏది రాసినా సామాన్యుడికి ఒక్కసారి చదవగానే అర్థమయ్యేలా రాశాడు.

ఆయన ఇంకో పని కూడా చేశాడు. కవితను బొమ్మతో కలిపి పెద్ద కాగితాల మీద వేసి ప్రదర్శనలు పెట్టాడు. పుస్తకం కొనలేనివాడు కూడా గోడ దగ్గర నిలబడి చూసి పోవచ్చు. చిన్నప్పుడు నేర్చిన బొమ్మ, అన్నం కోసం నేర్చిన ఫొటో, మిత్రుల దగ్గర అబ్బిన కవిత్వం, మూడూ అక్కడ కలిశాయి. నేర్చుకున్న ఏ విద్యా ఊరికే పోదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

హైదరాబాద్ వచ్చాక ఆంధ్రజ్యోతి దినపత్రికలో సిటీలైఫ్ పేరుతో ఏళ్ల తరబడి చిన్న కవితలు రాశాడు. పొద్దున్నే బస్టాపులో పేపరు తెరిచిన గుమాస్తా, ఆటో డ్రైవరు, హోటల్ కార్మికుడు ముందు ఆ నాలుగు లైన్లు చదివి తర్వాత వార్తలు చూసేవాళ్లు. పల్లె నుంచి పట్నం వచ్చి ఇరుకు గదుల్లో బతికేవాళ్ల కష్టం ఆయనకు విని తెలిసింది కాదు. ఆయనే ఆ గదుల్లో ఉన్నాడు.

ఇంటి లెక్క

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే కథ బాగుంటుంది. చాలా సభల్లో అక్కడే ఆపుతారు కూడా. కానీ ఇది చదువుతున్న మీకు, మీ ఇంట్లోవాళ్లకు అసలు లెక్క చెప్పాలి కదా.

ప్రభాకర్‌కు భార్య, ఇద్దరు కొడుకులు. హైదరాబాద్‌లో అద్దె బతుకు. స్టూడియో నడిచినా డబ్బు నిలవలేదు. కవితకు వచ్చేది పేరు, ఆ పేరుతో కిరాణా కొట్టులో ఉప్పు కూడా రాదు. అంతలో టీబీ పట్టుకుంది. ఒంట్లో శక్తి తగ్గుతూ వచ్చింది, ఖర్చు పెరుగుతూ వచ్చింది. మిత్రులు తోచినంత ఆదుకున్నారు. జబ్బు ముదిరినా ఆయన రాయడం మానలేదు. దాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం. గొప్పే. కానీ ఆ మంచం పక్కన కూర్చుని దగ్గు వింటూ, పిల్లలకు అన్నం పెట్టి, రేపటి మందుకు డబ్బెక్కడిదని ఆలోచించిన మనిషి ఒకామె ఉంది. ఆమె పేరు మీద ఏ పుస్తకమూ లేదు. 1993లో ఆయన పోయాక పసివాళ్లను పెట్టుకుని ఇల్లు ఈదుకొచ్చింది ఆమే.

ఆయన కాలానికి టీబీకి మందులు లేవా అంటే, ఉన్నాయి. కానీ టీబీ మందు ఒకటి రెండు వారాలు వేసుకుంటే పోయేది కాదు. నెలల తరబడి ఆపకుండా మింగాలి. మంచి తిండి తినాలి, విశ్రాంతి కావాలి. రోజు కూలి మీద, రోజు గిరాకీ మీద బతికేవాడికి ఈ మూడే దొరకనివి. టీబీని పేదవాడి జబ్బు అనేది అందుకే.

ప్రభాకర్ మూడు విద్యలు నేర్చుకున్నాడు. మూడింటినీ ఒకదానితో ఒకటి కలిపి నడిపాడు. ఇల్లు కూడా నడపాలని తిప్పలు పడ్డాడు. ఇవన్నీ మోసేది ఒకే ఒక్క ఒళ్లు. దానికి వంతు రాలేదు.

మనం ఏం తీసుకోవాలి

మొదటిది, మీలో ఉన్న కళను చంపుకోవద్దు. పన్నెండు గంటల డ్యూటీ చేసినవాడికి పెద్ద పనికి ఓపిక ఉండదు, నిజమే. చిన్నది చేయండి. ప్రభాకర్ నాలుగు లైన్లతోనే నిలబడ్డాడు. రోజుకు ఒక బొమ్మ, వారానికి ఒక పాట చాలు.

రెండోది, ఆ కళకు దగ్గర్లో ఉండే ఒక చేతిపని చూసుకోండి. బొమ్మలు వేసేవాడు బోర్డు డిజైన్ నేర్చుకోవచ్చు, వీడియోలు తీసేవాడు పెళ్లిళ్ల ఎడిటింగ్ నేర్చుకోవచ్చు. రేపు ఊరికి తిరిగి పోయినప్పుడు చేతిలో ఒక పని ఉంటుంది. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. వీసా మీద ఉండి బయట డబ్బుకు పని చేయడం చాలా గల్ఫ్ దేశాల్లో నేరం. ఇక్కడ నేర్చుకోండి, సంపాదన ఊళ్లో మొదలుపెట్టండి.

మూడోది, ఇంటివాళ్లకు దాచకండి. మీరు రాసిన పాట ముందు మీ ఆవిడకు వినిపించండి, గీసిన బొమ్మ మీ పిల్లలకు పంపండి. వాళ్లకు కేటాయించిన టైమ్‌లోంచి తీసి చేసే పని అయితే ఆ కళ వాళ్లకు సవతి అవుతుంది. వాళ్లను కూడా అందులో కలిపితే మీకు తోడవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది దగ్గు. రెండు వారాలు దాటి దగ్గు తగ్గకపోతే, సాయంత్రం జ్వరం వస్తుంటే, ఊరికే బరువు తగ్గుతుంటే, రాత్రిళ్లు చెమటలు పడుతుంటే పరీక్ష చేయించుకోండి. ఇకామా పోతుందని, ఇంటికి పంపేస్తారని భయపడి దాచేవాళ్లున్నారు. ఆ భయం మాకు అర్థమవుతుంది. రూల్స్ ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంటాయి, ఉద్యోగం పోయే ప్రమాదం ఉన్న మాటా నిజమే. కానీ ఎనిమిది మంది పడుకునే గదిలో దాచిన టీబీ మీ ఒక్కరితో ఆగదు. ఆలస్యమైన కొద్దీ ఊపిరితిత్తులు పాడవుతాయి. ఆ మచ్చ తర్వాత ప్రతి మెడికల్‌లోనూ మీకు అడ్డం పడుతుంది.

ఇండియాలో ఉన్నవాళ్లకైతే ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. చికిత్సలో ఉన్నన్నాళ్లు తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసే పథకం కూడా ఉంది. సెలవు మీద ఊరికి పోయినప్పుడు అనుమానం ఉంటే సిగ్గుపడకుండా వెళ్లండి. రెండు నెలలకు ఒళ్లు తేలికపడగానే మందు ఆపేయడం మాత్రం చేయకండి. మధ్యలో ఆపితే జబ్బు మొండిదై మళ్లీ లేస్తుంది, మామూలు మందులకు లొంగదు.

ప్రభాకర్ కవితలు ఇప్పుడు జగిత్యాల, కరీంనగర్ దాటి తెలుగు చదివే అందరి దగ్గరికీ చేరాయి. ప్రతి జనవరి 12న ఆయన్ను తలుచుకునేవాళ్లు ఎక్కడో ఒకచోట కూడతారు. కానీ ఆ ఇంట్లో ఆ రోజు పుట్టినరోజూ అదే, వర్ధంతీ అదే.

ఈ శుక్రవారం మీ రూమ్‌లో ఆ పాట కట్టేవాణ్ణి ఒక పాట పాడమనండి. ఆ తర్వాత అతను దగ్గుతున్నాడేమో కూడా చూడండి.