మచ్చల రెక్కల దోమ – సర్ రోనాల్డ్ రాస్

దోమకాటు గురించి హాస్టల్ పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ మలేరియా క్రిమి దోమ పొట్టలో పెరుగుతుందని మన సికిందరాబాదులోనే తేలిందని చాలామందికి తెలియదు. ఆ పని చేసిన సర్ రోనాల్డ్ రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. కవిత్వం, లెక్కలంటే మక్కువ. తండ్రి మాట కోసం వైద్యం చదివి, 1881లో సైనిక వైద్యునిగా మన దేశం వచ్చారు.

1895 నుంచి, రోగుల్ని కుట్టిన దోమల్ని కోసి సూక్ష్మదర్శినిలో వెదికారు. సుమారు రెండేళ్లు ఫలితం లేదు. లోపం ఆయన చూపులో లేదు, ఆయన కోసినవి వేరే రకం దోమలు! దోమల రకాలు చెప్పే పుస్తకాలు ఆయన దగ్గర లేవు. కోటప్పకొండ తిరునాళ్లలో అలంకరణ చూసి ఏ ఊరి ప్రభో మనం దూరం నుంచే గుర్తుపడతాం కదా. ఆయనా అలాగే రంగు, చారలు, రెక్కల మచ్చలు చూసి దోమల్ని వేరుచేశారు.

1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమకు అణా చొప్పున తీసుకొని కుట్టించుకున్నారు. 20వ తేదీన ఒక దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. అవే మలేరియా క్రిములు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద పరీక్షించి, ఆ జబ్బు దోమకాటుతోనే పాకుతుందని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి రాస్ గారికి వచ్చింది. హుస్సేన్ ఖాన్‌ను తలచేవారు తక్కువ, అందుకే ఇక్కడ రాశాం. రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

ఆ దోమ పేరు అనాఫిలిస్. దాని పిల్లపురుగుల్లో ఏది ఏ జాతిదో నేటికీ ఒంటిమీది వెంట్రుకల అమరికను బట్టి చెబుతారు. మన తొట్టిలో చూడడానికి అంత చదువు అక్కర్లేదు: పురుగు నీటిపైన అడ్డంగా పడుకుంటే అనాఫిలిస్, తలకిందులుగా వేలాడితే వేరే దోమ.