ఉత్తరాలతో సాగిన శిష్యరికం

బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఒక పాత భవనం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోని ఆ భవనానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికీ ఆయన పేరే ఉంది. మలేరియాను దోమ మోస్తుందని కనిపెట్టిన శాస్త్రవేత్తగా ఆయన్ని మనమంతా సామాన్యశాస్త్రం పాఠంలో చదువుకున్నాం. ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా మిగిలిపోయిన ఆ పేరు వెనుక ఒక గురువు ఉన్నాడు, వారిద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచిన ఉత్తరాలున్నాయి. చదువు చెప్పినవారూ, చదువుకున్నవారూ కలిసి తెస్తున్న ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆ జీవితాన్ని ఒకసారి తలుచుకోవడం సముచితం.

రాస్ 1857 మే 13న హిమాలయాల దిగువన అల్మోరాలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండు పంపించారు. కుర్రవాడికి కవిత్వం, బొమ్మలు, సంగీతం, లెక్కలు ఇష్టం. కొడుకు డాక్టరు కావాలన్నది తండ్రి పట్టుదల. 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో వైద్యవిద్యకు చేరారు కానీ పుస్తకం మీద మనసు నిలవలేదు. ఒక పరీక్ష తప్పి, కొంతకాలం ఓడలో వైద్యుడిగా పనిచేశారు. చివరికి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉద్యోగం సంపాదించి మద్రాసు చేరారు.

ఆ తరువాత చాలా ఏళ్ళు రాస్ సైన్యంలో మామూలు డాక్టరే. తీరిక వేళల్లో కవితలు, నవలలు రాసుకునేవారు, లెక్కలు చేసుకునేవారు. అయితే ఎక్కడికి బదిలీ అయినా చలిజ్వరం ఆయన కళ్ళముందే ఉండేది. 1888లో సెలవు మీద వెళ్ళి లండన్‌లో ప్రజారోగ్యంలో డిప్లొమా తీసుకున్నారు, సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నారు. మలేరియా రోగి నెత్తురులో పరాన్నజీవి ఉంటుందని లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1880లోనే అల్జీరియాలో కనుగొన్నాడు. రాస్ ఎన్ని రోగుల నెత్తురు చూసినా అది కనబడలేదు. దాంతో అసలు అలాంటిది లేదనే అభిప్రాయానికి వచ్చి, ఆ మాటే వ్యాసాలుగా కూడా రాశారు.

1894లో మళ్ళీ సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్‌ను కలిశారు. మాన్సన్ చైనాలో చాలాకాలం పనిచేసిన వైద్యుడు. బోదకాలు పురుగు దోమ కడుపులో పెరుగుతుందని 1877లోనే చూపినవాడు. పరాన్నజీవి లేదని వాదించిన ఈ సైనిక వైద్యుణ్ణి ఆయన చిన్నబుచ్చలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, మలేరియా పరాన్నజీవిని చూపించి, దాన్ని ఎలా గుర్తుపట్టాలో నేర్పాడు. మలేరియాకూ దోమకూ సంబంధం ఉండవచ్చన్న తన ఊహను చెప్పాడు. దాన్ని తేల్చడానికి తనకు ఇండియా వెళ్ళే వీలు లేదు కనుక ఆ పని రాస్ చేతిలో పెట్టాడు.

1895లో రాస్ సికింద్రాబాదు వచ్చి పని మొదలుపెట్టారు. అక్కడినుంచి లండన్‌కు ఉత్తరం చేరాలంటే వారాలు పట్టేది, జవాబు రావడానికి మళ్ళీ అంత. అలా నాలుగేళ్ళలో ఇద్దరి మధ్య నూటికి పైగా ఉత్తరాలు నడిచాయి. రాస్ తాను చూసినదీ, బొమ్మ గీసినదీ, విసిగిపోయినదీ అన్నీ రాసేవారు. మాన్సన్ సలహా చెప్పేవాడు, ధైర్యం చెప్పేవాడు, శిష్యుడి ఫలితాలను పత్రికలకూ సభలకూ చేర్చేవాడు.

గురువు చెప్పినదంతా సరైనది కాదు. దోమ నీళ్ళలో చచ్చిపోతుందనీ, ఆ నీళ్ళు తాగినవారికి మలేరియా వస్తుందనీ మాన్సన్ నమ్మాడు. రాస్ ఆ నీళ్ళు కొందరి చేత తాగించి చూశారు. నమ్మదగిన ఫలితమేమీ రాలేదు. అప్పుడు దోమ కుట్టడం మీదికి దృష్టి మళ్ళించారు. గురువు ఊహను గౌరవిస్తూనే పరీక్షకు పెట్టడం, నిలవని భాగాన్ని వదిలేయడం పరిశోధనలో శిష్యుడి మొదటి బాధ్యత.

రెండేళ్ళ పాటు ఆయన కోసి చూసినవి మలేరియాతో సంబంధం లేని జాతుల దోమలు. మధ్యలో కలరా పనికి బెంగుళూరు పంపించారు. ఊటీ ప్రాంతంలో తిరిగినప్పుడు ఆయనకే మలేరియా వచ్చింది. 1897లో మళ్ళీ సికింద్రాబాదు. ఉక్కపోత. పంకా వేస్తే కోసి పెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయని పంకా లేకుండానే పని. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. ఆగస్టులో ఆయన సహాయకుడొకడు తెచ్చిన లార్వాల నుంచి రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు పుట్టాయి. వాటి చేత హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా అతనికి ప్రతిఫలం. ఆగస్టు 20న అలాంటి దోమ ఒకదాన్ని కోసి చూస్తే, దాని కడుపు గోడలో నల్లని కణికలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతోందనడానికి అది తొలి ఆధారం. ప్రపంచ దోమల దినోత్సవం ఆ తేదీనే జరుపుకుంటున్నాం.

పని ఇంకా సగమే అయింది. ఇంతలో మలేరియా అంతగా లేని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ. పరిశోధన అక్కడితో ఆగిపోవలసిందే. మాన్సన్ లండన్‌లో పెద్దల చుట్టూ తిరిగి, 1898 ఆరంభంలో రాస్‌కు కలకత్తాలో ప్రయోగశాల దక్కేలా చేశాడు. ప్లేగు భయంతో అక్కడి జనం సూది అంటే పారిపోయేవారు. అందువల్ల రాస్ పక్షుల మలేరియా మీదికి మళ్ళారు. ఆ జులైలో దోమ లాలాజల గ్రంథుల్లో పరాన్నజీవిని చూశారు, దోమకాటుతో జబ్బు ఒక పక్షి నుంచి మరో పక్షికి చేరుతుందని నిరూపించారు. ఆ వార్తను ఎడింబరో వైద్యసభలో ప్రకటించినవాడు మాన్సనే. మనుషుల్లో అదే జరుగుతుందని అదే ఏడాది ఇటలీ శాస్త్రవేత్తలు చూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన జీవితంలో అంతగా తెలియని అధ్యాయం ఆ తరువాతిది. 1899లో ఇండియా వదిలి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో బోధకుడయ్యారు. రోగికి మందివ్వడంతో ఆగకుండా ఊరి మొత్తానికి జబ్బు ఎలా తగ్గించాలన్నది ఆయన ప్రశ్న అయింది. చిన్ననాటి లెక్కలు అక్కడ అక్కరకొచ్చాయి. దోమలన్నిటినీ చంపనక్కరలేదనీ, వాటి సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే మలేరియా దానంతటదే తగ్గిపోతుందనీ గణితంతో చూపించారు. ఆయన వెంట సియెర్రా లియోన్ వెళ్ళిన మెక్‌కెండ్రిక్ అనే యువ వైద్యుణ్ణి ఆ దారిలో ప్రోత్సహించారు. ఆయన తరువాత కసౌలీ పాశ్చర్ సంస్థకు అధిపతి అయ్యాడు. కెర్మాక్‌తో కలిసి 1927లో అంటువ్యాధుల వ్యాప్తికి రూపొందించిన గణిత నమూనా కోవిడ్ రోజుల్లో వేసిన అంచనాలకు కూడా పునాది. మాన్సన్ వెలిగించిన దీపం రాస్ చేతిలోంచి మెక్‌కెండ్రిక్ చేతికి అలా చేరింది.

మచ్చలు కూడా చెప్పుకోవాలి. ఘనత ఎవరిదన్న విషయంలో రాస్ ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో జీవితమంతా పోట్లాడారు. 1912లో ఒక ఉత్తరంలోని మాట తన పరువు తీసిందని, తనను నిలబెట్టిన మాన్సన్ మీదే దావాకు దిగారు. హైదరాబాదులో దోమకాట్లు భరించిన హుసేన్ ఖాన్, కలకత్తాలో ప్రయోగశాల పనిలో తోడు నిలిచిన మహమ్మద్ బక్స్ పేర్లు పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. అక్కడే సాయపడిన కిశోరీ మోహన్ బందోపాధ్యాయకు మాత్రం తరువాత బంగారు పతకం దక్కింది. రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

ఈ జీవితం నుంచి మన సంఘం తీసుకోవలసినది ఒకటుంది. రాస్‌కు తెలివి ఉంది, ఓపిక ఉంది, అవకాశం కూడా దొరికింది. కానీ తప్పు దారిలో ఉన్నప్పుడు కూర్చోబెట్టి చూపించినవాడు, బదిలీ అడ్డొచ్చినప్పుడు కలగజేసుకున్నవాడు లేకపోతే ఆ పని ఖేర్వారాలోనే ఆగిపోయేది. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, గణాంకశాఖలో పనిచేసినవారున్నారు, ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలున్నారు. ఇప్పుడు బడిలో చదువుతున్న పిల్లల్లో ఆసక్తి ఉన్న ఒక్కరిని ఒక్కొక్కరు ఎంచుకుని, నెలకోసారి వారి ప్రశ్నలకు జవాబు రాస్తే చాలు. తమ వీధిలో నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, జ్వరాలు ఏ నెలలో పెరుగుతున్నాయో పిల్లలు లెక్కరాయడం నేర్చుకుంటారు. ఆ లెక్కల్లో తప్పుంటే దిద్దండి. మీరు చెప్పినది తప్పని వారు రుజువు చేస్తే సంతోషించండి. పనిలో చేయి కలిపిన ప్రతి ఒక్కరి పేరూ ఆ లెక్క కింద రాయించండి.